వెల్మా కొట్టంలో కట్టెల దొంగ

ఆ శనివారం పొద్దున్న ఓరిన్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎదురింటి వెల్మా చర్చి విందుకు చిక్కుళ్ళు వండడానికి వెళ్ళగానే, ఆమె కొట్టంలో మిగిలిన పచ్చి కట్టెలు తన ట్రాక్టరు బండికెత్తాలి. ఆ చోట తన ఎండు కట్టెలు పేర్చాలి. ఆమె తిరిగొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు ఇంట్లో కూర్చోవాలి. మూడు శనివారాలుగా ఇదే పని, ఎవరి కంటా పడలేదు. ఇవాళ్టితో అయిపోతుంది.

అక్టోబరు వచ్చాక కొట్టంలో పచ్చి కట్టెలుండడమంటే అమెరికాలోని ఆ వెర్మాంట్ కొండల్లో తలవంపులే. అందులోనూ వెల్మా భర్త లూసియన్ రెండేళ్ళ ముందే కట్టెలు కొట్టి ఎండబెట్టుకునే మనిషని చుట్టుపక్కల ఊళ్ళన్నిటా పేరు. ఏప్రిల్లో ఆయన పోయాడు. పోయిన నెల కాఫీకి వెళ్ళినప్పుడు ఓరిన్ ఆ కొట్టంలోంచి రెండు చెక్కలు తీసి ఒకదానికొకటి తట్టి చూశాడు. ఎండు చెక్కల్లా ఖంగుమనలేదు, దబ్బుమన్నాయి. అవి కాలిస్తే ఇల్లు వెచ్చబడదు సరికదా, పొగగొట్టంలో జిడ్డుమసి పేరుకుని ఏ జనవరిలోనో నిప్పంటుకుంటుంది. చెబుదామంటే పోయినవాణ్ణి ఆడిపోసుకున్నట్టుంటుంది. ఊరుకుందామంటే ఆవిడ చలికాలమంతా వణుకుతుంది. వెల్మా వణకడమన్న ఊహే ఓరిన్‌కి గిట్టలేదు.

తన ఎండు కట్టెలు కొట్టం లోపల దింపేసి చివరి పచ్చి కట్టెలు బండికెత్తుతున్నప్పుడు ఉత్తరాలు పంచే డార్లా కారు అటుగా వచ్చింది. ఆమె కారు ఆపి, అతన్నీ బండినీ మార్చి మార్చి చూసింది.

"ఏంటి ఓరిన్ గారూ, పొద్దున్నే పనిలో పడ్డారు?"

"ఊరికే. ఒళ్ళు వంగడానికి."

"వెల్మాగారు ఇంట్లో లేరుగా?"

"లేరు. అందుకే," అన్నాడు ఓరిన్. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

డార్లా ఇంకేమీ అడగలేదు. ఆ ఊళ్ళో మనిషిని మొహమ్మీద అడగడం మర్యాద కాదు. వెనక అనుకోవడానికి మాత్రం ఏ అభ్యంతరమూ లేదు. ఎదురుగా ఓరిన్ ఇంటి పెట్టెలో ఉత్తరం వేస్తూ ఆమె అతని కొట్టం చూసింది. అడుగున నాలుగు చెక్కలు తప్ప ఖాళీ! పచ్చి కట్టెలన్నీ వెనక పాక చాటున ఎండకు పేర్చి ఉన్నాయని ఆమెకేం తెలుసు? పాపం, కాల్చుకోవడానికి పుల్ల లేక ముసలాయన విధవరాలి కొట్టం మీద పడ్డాడనుకుని, ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

పది గంటలకి ఊరి దుకాణంలో ఆ బండెడు కట్టెలు రెండు బండ్లయ్యాయి. పదకొండుకి వెల్మా కొట్టం నేలమట్టం దాకా ఊడ్చుకుపోయింది. పన్నెండుకి, లేనివాళ్ళకి ఊరి తరఫున కట్టెలు పంచే హెర్షెల్ లారీ వేసుకుని ఓరిన్ వాకిట్లో దిగాడు.

"మా ఇంట్లో చోటు చాల్లేదయ్యా ఓరిన్. ఇక్కడ దింపుకోనా?" అన్నాడు ఆకాశం వంక చూస్తూ.

"నీకు నాలుగెకరాల జాగా ఉంది కదయ్యా!"

"అదంతా... తడిగా ఉంది," అంటూ హెర్షెల్ దింపేశాడు.

అతని వెనకే మరొకరు, ఆ వెనక ఇంకో ముగ్గురు. అందరిళ్ళలోనూ ఆ పూటే చోటు చాలకుండా పోయింది. రెండు గంటలకల్లా వాకిట్లో కట్టెలు కిటికీ ఎత్తు లేచాయి. పాస్టరుగారి భార్య వేడి వేడి బంగాళదుంపల కూర చేతిలో పెట్టి, "దేవుడు అందర్నీ క్షమిస్తాడు ఓరిన్ గారూ," అంది. అప్పుడు వెలిగింది అతనికి.

నోరు తెరిచాడు. నిజం చెబితే తను దొంగ కాదు. కానీ లూసియన్ పెళ్ళానికి పచ్చి కట్టెలు వదిలిపోయాడని రేపటికి ఊరూవాడా చెప్పుకుంటారు. నోరు మూసేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కబురు విన్న వెల్మా వచ్చింది, వంటకని నడుముకి కట్టుకున్న గుడ్డయినా విప్పకుండా. రోడ్డవతల తన కొట్టం తలుపు బార్లా తెరిచింది. లోపల కట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి. దొంగతనం జరిగిన కొట్టం నిండుగా ఉండడమేమిటని వెంట వచ్చిన జనం నోళ్ళు వెళ్ళబెట్టారు.

"దొంగతనం చేసింది నేనే!" అని అరిచాడు ఓరిన్, ఇంకెవరూ ఏమీ అడగక ముందే. "తర్వాత భయమేసి తిరిగి పెట్టేశాను. చూశారుగా, ఇక వెళ్ళండి!"

వెల్మా రెండు చెక్కలు తీసి తట్టింది. ఖంగుమన్నాయి. అందరికీ తెలిసిన చప్పుడే అది.

"ఇవి మావి కావు," అంది ఆమె. "మావి పచ్చివి. రెండేళ్ళు ఆయన గొడ్డలెత్తలేదు, ఎత్తలేడని నన్నెవరికీ చెప్పనివ్వలేదు. చివరికి ఫిబ్రవరిలో కుర్చీలో కూర్చుని కొట్టాడు, నా కోసమే. పచ్చివని నాకు తెలీదా? ఆయన పరువు పోతుందని నేనూ నోరు మూసుకున్నా." ఆమె ఓరిన్ వైపు తిరిగింది. "ఓరిన్, మొదటి శనివారమే పట్టేశాను. పనయ్యేలోగా కదిలిస్తే ఎక్కడ మానేస్తావోనని ఊరుకున్నాను."

హెర్షెల్ టోపీ తీసేశాడు. "కుర్చీలో కూర్చుని కొట్టాడా!" అన్నాడు మెల్లగా. "అలాంటి మనిషిని ఎవరేమంటారమ్మా?"

ఓరిన్ బూట్ల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. సంతోషానికి ఏం చెయ్యాలో తోచక చేతిలో కూరగిన్నె అటూ ఇటూ మార్చుకుంటున్నాడు.

"సరే," అంది వెల్మా. "ఉన్న ఎండు కట్టెలన్నీ నాకు పెట్టేశావు. నువ్వేం కాలుస్తావు మహానుభావా?"

"అదిగో, అంత గుట్ట ఉందిగా."

వెల్మా రోడ్డు దాటి గుట్టలోంచి రెండు తీసి తట్టింది. దబ్బు. ఇంకో రెండు. దబ్బు. వాకిట్లో ఉన్న మగవాళ్ళందరికీ ఒక్కసారే దగ్గొచ్చింది. సాయం సాయమే, కానీ అక్టోబరులో ఎండు కట్టె వదులుకునే దాతలెక్కడుంటారు!

"ఇవి కాలిస్తే నీ పొగగొట్టం అంటుకుంటుంది," అంది వెల్మా కళ్ళు తుడుచుకుంటూ. "మంచు తగ్గేదాకా మా ఇంట్లోనే కూర్చో. కుర్చీ తెచ్చుకో. ఆ కూర కూడా పట్రా."

కట్టెలు ఎటు పోతే దొంగా అటే పోయాడని సోమవారానికల్లా ఊరు తేల్చింది.