నేల మీద మాత్రమే తిరిగే మిషన్

డ్రిల్లింగు మిషన్లు అమ్మే మనిషి తన ఇంట్లో షెల్ఫు బిగించడానికి బయటివాణ్ణి పిలిస్తే, చెప్పుల కొట్టువాడు ఒట్టికాళ్ళతో తిరిగినట్టుంటుందని గ్యారంటీగారు లెక్క తేల్చారు. మేకు దగ్గర్నుంచి మిషన్ దాకా ఏది అమ్మినా "గ్యారంటీ" అన్నాకే చేతికిస్తారు కనుక బజారు ఆయనకు ఆ పేరు ఖాయం చేసింది. వంటింట్లో షెల్ఫు పని ముగించుకుని కొట్టుకు వెళ్ళాలి. పెద్ద హాలు పైకప్పు పని పట్టిన వడ్రంగి మేస్త్రి అవే మిషన్లు డజను కొనడానికి వస్తున్నాడు. ఎదురుకొట్టు ఆయన నోటి దగ్గర్నుంచి లాక్కొచ్చిన బేరం అది.

"మీరెప్పుడైనా వాడారా దాన్ని?" అంది భార్య.

"చేపలమ్మేవాడు ఈదాలా ఏం?"

"ఈదక్కర్లేదు. నీళ్ళలోకి దిగితే మాత్రం ఈత రావాలి."

ఆ మాట వినిపించుకోకుండా గ్యారంటీగారు నిచ్చెన ఎక్కారు. వదులు చేతుల చొక్కా గుండీ లేకుండా వేలాడుతోంది. కళ్ళద్దాలు కళ్ళను వదిలేసి నుదుటిని కాపాడుతున్నాయి. మిషన్ మొనకున్న బిట్టు వదులుగా అనిపించి, ఒక చేతి వేలు బటన్ మీదే ఉంచి, రెండో చేత్తో దాన్ని తిప్పసాగారు.

హాల్లో ఫ్రిజ్ పక్కన నిలబడిన భార్య వంటింటి గుమ్మంలోంచి ఇదంతా చూసింది. కొట్టుకు భోజనం తీసుకెళ్ళినప్పుడల్లా ఆయన కొనేవాళ్ళకు అప్పజెప్పే పాఠం ఆవిడకు కంఠతా వచ్చు. బిట్టు ముట్టుకునే ముందు ప్లగ్గు పీకాలి, చొక్కా చేతులకు గుండీలు పెట్టాలి, అద్దాలు కళ్ళకే పెట్టుకోవాలి. ఇప్పుడు అదే గుర్తుచేస్తే ఆయన నిచ్చెన మీదే చేతులూపుతూ ఉపన్యాసం మొదలెడతారు. వాదన కంటే స్విచ్చి చవక. మిషన్ తీగ ఫ్రిజ్ బోర్డుకే తగిలించి ఉంది, రెంటికీ స్విచ్చి ఒకటే. ఆవిడ చప్పుడు చెయ్యకుండా దాన్ని ఆపేసింది. విసిగి ఆయనే ఎవరైనా పనివాణ్ణి పిలుస్తారని ఆవిడ ఆశ.

మిషన్ తిరగలేదు. ఆయన కిందికి దిగారు. ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతాయని ఆవిడ స్విచ్చి వేసింది. నేల మీద బటన్ నొక్కితే మిషన్ గుర్రుమంది. మళ్ళీ ఎక్కారు, మౌనం. దిగారు, గుర్రు. ఎన్నిసార్లు ఎక్కినా అదే వరస. చెమట తుడుచుకుని, కొట్లో ఉన్న బావమరిదికి ఫోన్ చేశారు.

"ఒరేయ్, ఆ మిషన్లు ఒక్కటి కూడా అమ్మకు! ఎత్తులో పనిచెయ్యట్లేదు."

"ఎత్తులో అంటే? కొండ మీదా బావా?"

"నిచ్చెన మీద!"

"మిషన్లకి కళ్ళు తిరుగుతున్నాయంటారా?"

ఆ ప్రశ్నను బావమరిది కాస్త గట్టిగానే వేశాడు. అప్పటికే మేస్త్రి గల్లా దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన పనంతా పైకప్పు మీదే. మరి కాసేపటికి ఇద్దరూ ఇంటికొచ్చారు.

"బావా, ఎదురుకొట్టాయన అప్పుడే బల్ల మీద స్టూలేసి, దానెక్కి మిషన్ తిప్పి చూపిస్తున్నాడు," అన్నాడు బావమరిది.

"ముందు నన్ను చూడనివ్వండి," అన్నాడు మేస్త్రి. ప్లగ్గు పీకి బిట్టు బిగించాడు. గుండీలు పెట్టుకుని, అద్దాలు కళ్ళకు తగిలించి, ప్లగ్గు పెట్టి ఎక్కాడు. భయపడే పనేదీ కనబడక భార్య స్విచ్చి జోలికి పోలేదు. గోడకు చక్కటి రంధ్రం పడింది.

"బంగారంలా ఉందే!"

"ఏదీ, ఇటివ్వు!" అంటూ గ్యారంటీగారు మళ్ళీ అద్దాలు నుదుటి మీదికి తోసి ఎక్కారు. మౌనం. మేస్త్రి ఎక్కాడు. గుర్రు.

బావమరిది గొంతు తగ్గించాడు. "బావా, లోపం సరుకులో ఉన్నట్టు లేదు."

మేస్త్రి మిషన్ కింద పెట్టేశాడు. "ఏమీ అనుకోకండి. అమ్మేవాడి చేతిలోనే తిరగని మిషన్ రేపు నా మనుషుల చేతిలో ఆగిపోతే పని ఎవరు చేస్తారు? ఎదురుకొట్లో చూసుకుంటాను."

ఆయన చెప్పుల్లో కాలు పెట్టాడు. లోపం నిచ్చెనలో ఉందేమోనని గ్యారంటీగారు ఒట్టి చేతులతో మళ్ళీ పైకెక్కారు. భార్య ఒక్క క్షణం బేరీజు వేసింది. పరువు ఎలాగూ నిచ్చెన మీదే పోయింది, మిగిలింది బేరం.

"ఆగండి మేస్త్రిగారూ. ఆపుతున్నది నేను."

"నువ్వా! ఎందుకు?" అన్నారు గ్యారంటీగారు పైనుంచే.

"వేలు బటన్ మీద పెట్టి బిట్టు తిప్పుతారా? పెళ్ళినాటికి పది వేళ్ళున్నాయి మీకు. ఒక్కటి తగ్గినా ఒప్పుకోను. ప్లగ్గు పీకాలని రోజూ చెప్పేది మీరే కదా?"

"అది కొనేవాళ్ళకి చెప్పేది!"

మేస్త్రి పగలబడి నవ్వాడు. కాలు చెప్పుల్లోంచి బయటికొచ్చింది. "డజనూ మీ దగ్గరే తీసుకుంటాను. ఒక్క షరతు. మా వాళ్ళు నా మాట లెక్కచెయ్యరు. సాయంత్రం అమ్మగారొచ్చి జాగ్రత్తలు చెప్పాలి."

"ఒట్టి మాటలతో చెప్పడం నాకు రాదండీ," అందావిడ. "ఎదురుగా ఎవరైనా తప్పుగా చేసి చూపిస్తే చెప్పగలను."

ముగ్గురూ నిచ్చెన వైపు చూశారు.

నమూనా చూపించందే సరుకు కదలదన్నది గ్యారంటీగారు నమ్మిన సూత్రం కనుక, సాయంత్రం ఆ నమూనాగా ఆయనే వెళ్ళారు.