పైకి లేవని మీట

పదకొండు గంటలకు కచేరీ. తొమ్మిదిన్నరకల్లా గ్రంథాలయం హాలుకు చేరి, గంటసేపు సాధన చేసుకుని, కాఫీ తాగి తీరిగ్గా వేదికెక్కాలన్నది పియానో టీచరమ్మ ఆలోచన. ఇరవై ఏళ్లుగా పిల్లలకు నేర్పడమే తప్ప, నలుగురి ముందు తాను వాయించడం ఆమెకిదే మొదటిసారి. రాత్రంతా ఆనందంతో నిద్రపట్టలేదు. ఫ్రిజ్‌లు బాగుచేసే భర్త తోడుగా వచ్చాడు.

హాల్లోని పియానో మూత తీసి వేళ్లు పెట్టగానే మీటలు జిగురుగా తగిలాయి. నిన్న అక్కడ ఆడుకున్న పిల్లలెవరో పళ్లరసం ఒలకబోశారట.

"ఏమండీ, వేళ్లు అతుక్కుపోతున్నాయి."

"అంతేనా? రెండు నిమిషాల పని," అంటూ ఆయన సంచిలోంచి సబ్బునీళ్ల సీసా తీసి, ఫ్రిజ్ తలుపు తుడిచినట్టు తుడిచేశాడు. మీటలు అద్దంలా మెరిశాయి. ఆమె హుషారుగా వాయించబోతే వేళ్లు జర్రున జారి పక్కింటి స్వరాల మీద పడ్డాయి.

"ఇప్పుడు జారుతున్నాయండీ."

"జారితే పౌడరుంది కదా," అని ఆమె బ్యాగులోని డబ్బా మీటల మీద బోర్లించాడు. తడిమీద పౌడరు ముద్దయి సందుల్లోకి దిగింది. నట్టనడిమి మీట నొక్కితే కిందికెళ్లి అక్కడే కూర్చుంది.

దాన్ని లేపే తంటాల్లోనే పదకొండయింది, హాలు నిండిపోయింది. గ్రంథాలయ కార్యదర్శి తొంగిచూసి, "మొదలుపెడదామా మేడమ్?" అన్నాడు.

టీచరమ్మ మీటల ముందు సర్దుకుని కూర్చుంది. వెనక్కి తగ్గితే మళ్లీ పిలిచేదెవరు? "మీరు నా పక్కనే కూర్చోండి. నేనిది నొక్కినప్పుడల్లా మీరు గోటితో పైకి లేపండి," అంది భర్తతో.

"నాకు సంగీతం రాదే."

"రిపేరు వచ్చుగా. కూర్చోండి."

మొదట రెండుసార్లు తడబడ్డాడు. ఆ తర్వాత లంకె కుదిరింది. ఆమె నొక్కడం, ఆయన లేపడం. పాట జోరందుకున్నకొద్దీ ఆయనకు చెమటలు పట్టాయి, ఆమెకు రెక్కలొచ్చాయి. ఆఖరి స్వరం మీద ఆయన మీటను ఎంత పదిలంగా లేపాడంటే, జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

కార్యదర్శి పరుగున వచ్చాడు. "మీరు బాగా వాయించారు మేడమ్. కానీ సార్ ఉన్నారే, ఒక్క వేలితో అంత నిగ్రహం నేనెక్కడా చూడలేదు. వచ్చే నెల కచేరీ సార్ ఒక్కరిదే పెడదామని కమిటీవాళ్లు ఇప్పుడే అనుకున్నారు."

టీచరమ్మ భర్త వంక చూసింది. ఆయన కాదనలేదు.

ఇంటికి చేరేదాకా ఆ వేలికి ఎండ తగలనివ్వలేదు.