తీసేసినా తగ్గని వ్యవధి

రాష్ట్రంలో కాలం ఇకమీదట కంప్యూటర్ ప్రోగ్రామ్ ప్రకారమే గడవాలని ఉత్తర్వు వచ్చాక, హన్మకొండ కాలవ్యవధుల కార్యాలయంలో ప్రోగ్రామర్‌గా పనిచేసే విజయేందిర గంట అంటే ఎంతని రాస్తే గంట అంతే గడిచేది. జనం అలవాటు పడ్డారు. మొదట్లో చిన్న ఇబ్బందులు వచ్చిన మాట నిజమే. నెల అంటే ముప్ఫై రోజులని ఆమె రాసిన కొత్తలో, ముప్ఫై ఒకటో తేదీ ఏ నెలకూ చెందకుండా పోయింది. బడికి వెళ్లాలో వద్దో, పొయ్యి వెలిగించాలో వద్దో తెలియక జనం గడపల మీద కూర్చున్నారు. అప్పుడామె రోజులతో కొలిచే కాలాన్నీ, క్యాలెండర్‌తో కొలిచే కాలాన్నీ వేర్వేరు రకాలుగా విడదీసి, ఒకదాన్ని ఇంకోదానితో కలపరాదని కట్టడి పెట్టింది. ఆ తరువాత నెలలు బుద్ధిగా గడిచాయి. పొద్దున్నే దారిలో బడి గంట వినబడితే, అది తను రాసిన సమయానికే మోగిందని విజయేందిర తల కాస్త ఎత్తి నడిచేది.

ప్రోగ్రామ్‌లో ఒక నిబంధన ఉంది. ప్రభుత్వ విధిలో ఉన్న మనిషి నోట ఏ గడువు వచ్చినా అది ఆదేశమే. ఎవరికి ఆ మాట చెప్పారో వాళ్ల కాలం దాని ప్రకారం నడవాలి.

ఆ వానాకాలం మంత్రిగారు రేగులపాడు వెళ్లారు. ఊరు వాగుకు అవతల ఉంది కాబట్టి ఇవతలి ఒడ్డునే నిలబడి, త్వరలో వంతెన కడతామని మైకులో చెప్పారు. 'త్వరలో' అన్న మాటకు ప్రోగ్రామ్‌లో పొడవు లేదు. రేగులపాడులో కాలం ఆగిపోయింది. పొయ్యిల మీద ఎసరు సగం పొంగి నిలిచింది. పురిటి నొప్పులు పడుతున్న స్వరూప కేక మధ్యలో తెగింది.

ఆమె తల్లి కొమురవ్వ అంబులెన్సును పిలుచుకు రావడానికి అప్పటికే వాగు దాటి ఉండటంతో, ఊరివాళ్లలో ఆగిపోకుండా ఆమె ఒక్కతే మిగిలింది. ఇంటికి వెళ్లి కూతుర్ని చూసి, అటునుంచి అటే కార్యాలయానికి వచ్చింది.

"కాలం రాసేది నువ్వేనా తల్లీ?"

"నేనే అవ్వా. కూసో."

"నా బిడ్డ నొప్పులల్ల ఆగింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉన్నది. చెయ్యి పట్టుకుంటే చల్లగ లేదు, వెచ్చగ లేదు. జెర నడిపియ్యి, నీ కాల్మొక్త."

విజయేందిర ఆమెను జాయింట్ డైరెక్టర్ ప్రభంజన్ రావు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన శ్రద్ధగా విన్నారు.

"ఆ ఊళ్లె కాలమే నడుస్తలేదు కదమ్మా. కాలం నడవకుంటే ఆలస్యం ఎట్లయితది? ఆలస్యం లేకుంటే ఫిర్యాదు ఎట్ల తీసుకోవాలె?" అని కొమురవ్వకు మంచినీళ్లు ఇప్పించారు. విజయేందిరను మాత్రం ఆపి, ఆ మాటకు ఏదో ఒక పొడవు రాసి చూడమన్నారు.

ఆమె మొదట త్వరలో అంటే ఏడాది అని రాసింది. ప్రభంజన్ రావు ఒప్పుకోలేదు. "ఏడాది అంటే సరిగ్గ ఏడాదికొచ్చి అడుగుతరు. మంత్రిసారు ఏడాది అనాలనుకుంటే ఏడాదే అనేటోళ్లు గద" అన్నారు. సున్నా అని రాసింది. ప్రోగ్రామ్ ఆ క్షణమే వంతెన కోసం వాగంతా వెతికి, దొరకక ఎర్రర్ ఇచ్చింది. సున్నా కంటే తక్కువ రాసింది. దాంతో వంతెన కట్టడం, కూలడం, విచారణ జరగడం, అందరూ నిర్దోషులని తేలడం గతంలోనే అయిపోయినట్టు రికార్డు వచ్చింది. ఊరు మాత్రం కదలలేదు.

కొమురవ్వ వరండాలోనే ఉండిపోయింది. విజయేందిర తన టిఫిన్ బాక్సు తీసుకెళ్లి ఇస్తే, "బిడ్డ తినకుంట నాకెట్ల దిగుతది?" అంది. విజయేందిరకు ఆ మాట గుచ్చుకుంది. రాష్ట్రమంతా తన లెక్కన తెల్లవారుతుంటే, ఒక్క మాట రాయడం చేతగాక ఒక ఆడపిల్ల నోరు తెరుచుకుని పడి ఉంది.

బాక్సు మూత పెడుతుండగా ఆమెకు తట్టింది. ఇన్నాళ్లూ ఆ మాటకు పొడవు వెతుకుతోంది. వ్యవధి అన్నాక ఖర్చవుతుందని, ఖర్చయ్యాక తీరుతుందని ఆమె నమ్మకం. దీన్ని ఖర్చు కాకుండా రాస్తే? సున్నా కంటే పెద్దదిగా, ఎవరు ఏ తేదీ అడిగినా ఆ తేదీ తరువాతదిగా, అందులోంచి రోజు తీసేసినా ఏడాది తీసేసినా మళ్లీ అంతే మిగిలేదిగా రాసింది. దాని కింద మామూలు కాలం తన దారిన తను పోవచ్చు. ఎంత కాలం పోయినా ఆ గడువు తరగదు.

ప్రోగ్రామ్ నడిచింది. రేగులపాడులో ఎసరు పొంగి పొయ్యి ఆరింది. స్వరూప కేక పూర్తయింది. కొమురవ్వ పరుగున వెళ్లింది. సాయంత్రం ఫోన్ చేసింది.

"మంచం మీద పండవెట్టి వాగు దాటిచ్చినం తల్లీ! మొగపిల్లగాడు. నీ చెయ్యి సల్లగుండ! తొట్టెల రోజు నువ్వు రావాలె."

విజయేందిర ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంది. ఆఫీసులో మిఠాయిలు పంచారు.

ఆ వ్యవధిని కోర్టులు, ఆస్పత్రులు, ఉద్యోగ నియామక సంస్థలు అన్నీ తీసుకున్నాయి. త్వరలో వస్తుందన్న ఉద్యోగ ప్రకటన కోసం చదువుతూ అద్దె గదుల్లో ఆగిపోయిన యువకులు మళ్లీ కదిలారు. ఇక వాళ్లకు గడ్డాలు నెరవొచ్చు, చత్వారం రావొచ్చు, ఎర్రర్ మాత్రం ఎక్కడా రాదు. పక్క రాష్ట్రాల వాళ్లు వచ్చి నేర్చుకుపోయారు. విజయేందిరకు శాలువా కప్పారు.

పిల్లాణ్ని తొట్టెలలో వేసే రోజున ఆమె ఆ శాలువాతోనే రేగులపాడు వెళ్లింది. వాగు నిండుగా పారుతోంది. వంతెన వచ్చేదాకా ప్రభుత్వం ఊరికి ఒక నవారు మంచాన్ని మంజూరు చేసి, మోయడానికి నలుగురిని ఉద్యోగంలో పెట్టింది. వాళ్లు ఖాకీ చొక్కాలు వేసుకుని, ఆమెను మంచం మీద కూర్చోబెట్టుకుని నీళ్లలోకి దిగారు. అవతలి ఒడ్డున డప్పులు మోగుతున్నాయి. కొమురవ్వ పిల్లాణ్ని పైకెత్తి చూపిస్తోంది.

"మా ఊరి నుంచే గీ మాట దేశమంత పోయిందమ్మా" అన్నాడు ముందు మోస్తున్న సాయిలు, ఛాతీ విరిచి.

"నడుమ లోతుకొచ్చినం. ఇంక ఎంతసేపు పడతది సాయిలూ?" అని అడిగిందామె.

సాయిలు ప్రభుత్వ విధిలో కొత్తగా చేరినవాడు. పెద్దల భాషలోనే జవాబిచ్చాడు.

"త్వరలో దాటుతమమ్మా."

నలుగురూ నడుస్తూనే ఉన్నారు. నీళ్లు వాళ్ల నడుముల్ని కోసుకుంటూ పోతున్నాయి. ఒడ్డు ఉన్నంత దూరంలోనే ఉంది. కొమురవ్వ చేతుల్లోంచి పిల్లాడు కిందికి దిగాడు, నిలబడ్డాడు. కొన్నాళ్లకు భుజాన బడి సంచి తగిలించుకుని వచ్చి, వాగులోకి చూసి చెయ్యి ఊపాడు. విజయేందిర కూడా ఊపింది. మోసేవాళ్ల జుట్టు తెల్లబడింది కానీ, ఒక్కరి అడుగూ తడబడలేదు, లెక్కలో ఒక్క తప్పూ దొర్లలేదు. ఇంత పకడ్బందీగా ఇంకెవరు రాయగలరని ఆమె మనసు నిండిపోయింది. శాలువా అంచు తడవకుండా ఒళ్లోకి లాక్కుని, మంచం మీద ఇంకాస్త నిటారుగా కూర్చుంది.