అటకలో మంచు, నా మర్యాద

బాత్రూం ఫ్యాన్ గొట్టాన్ని ఇంటి బయటికి పెట్టించేవాళ్లకు బంధుప్రీతి లేదు!

నమ్మరా? జనవరిలో, అమెరికా ఉత్తరాన మా డులూత్‌లో చలి సున్నాకి ముప్పై డిగ్రీలు కింద. అలాంటి ఊళ్లో వెచ్చటి స్నానపు ఆవిరిని వీధిలోకి తోలేస్తారా? అదీ నిక్షేపంలాంటి పైకప్పుకు చిల్లు పొడిచి?

మా బావమరిది ఐవర్ ఆ పాపం చేయలేదు. తన సెలవురోజు వదులుకుని వచ్చి, పైసా తీసుకోకుండా ఫ్యాన్ బిగించి, గొట్టం కొసను సీలింగుకీ పైకప్పుకీ మధ్యనున్న అటకలో వదిలేశాడు.

"బయటికి పెట్టాలేమో కదరా?" అన్నాను.

"అటకంతా ఖాళీయే కదా బావా! ఆవిరి అక్కడేమన్నా కాపురం పెడుతుందా?"

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఊరికే పనిచేసిన చుట్టాన్ని తప్పుపట్టకూడదు. కాఫీ ఇచ్చి "బాగుంది" అనాలి. అన్నాను.

లాభాలు వెంటనే మొదలయ్యాయి! ఆవిరి అటకలో గడ్డకట్టింది. పైకప్పులో దిగిన ప్రతి మేకుకీ తెల్లటి మంచు. ఊరివాళ్లు మంచు చూడాలంటే కోటు వేసుకోవాలి, మాకు నిచ్చెన చాలు! జనవరి చివర నాలుగు రోజులు ఎండ కాసింది. ఆకాశంలో మబ్బు లేదు, మా ఇంట్లో మాత్రం మంచు కరిగి వాన! ఏ ఊళ్లో ఉందండీ ఈ సౌకర్యం? ఆపైన తడిసిన సీలింగంతా నల్లటి బూజు. పెయింటర్ అక్కర్లేని డిజైన్!

ఆ డిజైన్ కిందే మా ఆరేళ్ల బ్రిటా పడుకునేది. దగ్గు పట్టుకుంది. మంచం అవతలి గోడకు జరిపాం. దగ్గు కూడా వెంట వచ్చింది.

"ముందు ఇంట్లో తేమ ఆపండి. అప్పటిదాకా మందులు పనిచేయవు" అన్నాడు డాక్టరు.

ఆపాలంటే ఐవర్‌తో "నువ్వు చేసింది తప్పు" అనాలి. ఎలా అంటాను? ఈస్టర్ పండగ భోజనానికి అతను వచ్చేది మా ఇంటికే! అతని మనసు నొచ్చుకుంటే?

ఈస్టర్ వచ్చింది. భోజనాల బల్ల దగ్గర బ్రిటా ఊపిరాడక చెంచా వదిలేసింది. నా భార్య మార్లిస్ లేచి నిలబడింది.

"ఒరేయ్ ఐవర్, నువ్వు అటకలో వదిలిన గొట్టమేరా నా బిడ్డ ఊపిరి తీస్తోంది!"

ఐవర్ మొహం పాలిపోయింది.

"నాకేం తెలుసక్కా? బావ బాగుందన్నాడే! ఒక్క మాట చెప్పుంటే ఆ రోజే మార్చేవాణ్ని కదా!"

భోజనం వదిలేసి, ట్రక్కులోంచి రంపం తెచ్చి నిచ్చెనెక్కాడు. చీకటి పడకముందే గొట్టం పైకప్పు దాటింది. నొచ్చుకోలేదు సరికదా, కిందికి దిగాక బ్రిటా తల నిమిరి ఏడ్చాడు.

మా వీధిలో నాకు మర్యాదస్తుడని పేరు. ఆ పేరు నిలబెట్టడానికి రెండు నెలలు దగ్గింది మాత్రం నా కూతురు.