గీత మీద కోత

ఆదివారం బయలుదేరాలి కాబట్టి గురువారం ఉదయమే సామాను సర్దెయ్యాలని డ్రిల్లు మాస్టారి పథకం. ఆయన దర్జీకి స్వయానా బావగారు, అంటే భార్యకు అన్నగారు. రెండు రోజులు నడిస్తే తప్ప కంటపడని ఓ నిటారు రాతి శిఖరం మీద ఆయనకు తొమ్మిదేళ్లుగా కొండంత ఆశ. ఏటా వాన అనో, మోకాలు అనో, తోడొచ్చినవాడు దద్దమ్మ అనో తిరిగొచ్చేవారు. ఈసారి తోడు దర్జీ. ఆరు నెలలుగా ఆయన దగ్గరే ఎక్కడం నేర్చుకున్నాడు.

"బావా, నీ బల్ల పొడుగు కదా, అరవై మీటర్ల తాడు ఇక్కడే కొలిచాను. సరిగ్గా మధ్యలో సుద్దగీత పెట్టాను. దిగేటప్పుడు ఆ గీత దగ్గర రాతిలో కొట్టిన కొక్కేనికి వేస్తే రెండు వైపులా సమానంగా వేలాడుతుంది," అని చెప్పి మాస్టారు బడికి వెళ్లారు.

దర్జీ "ఊఁ" అన్నాడు. అతడి చెవులు అప్పటికే ఇంకొకరి చేతుల్లో ఉన్నాయి.

"కోటు చేతులు ఇంత పొట్టిగా కుట్టావేమయ్యా?" అని ఒకావిడ నిలదీస్తోంది.

"కోటు చేతులు పొట్టివి కావండీ, మీవారి చేతులే పొడుగు!"

ఈ వాదంలో ఉండగా బల్ల మీద సుద్దగీత కనిపించింది. ముప్పై ఏళ్ల అలవాటున చెయ్యి కత్తెర అందుకుంది. కరకర. కచ్చితంగా గీత మీదే.

ఆవిడ వెళ్లాక చూసుకుంటే చేతిలో రెండు తాళ్లు.

చెప్పేస్తే తిట్లతో పోయేది. కానీ సిగ్గేసింది. గుట్టుగా రెండు కొసలూ కలిపి ఆరు వరసలు కుట్టి, పైన ఎర్రగుడ్డ చుట్టాడు. అక్కణ్ణించి ఆ కుట్టు కాస్తా కుట్ర అయింది.

"ఈ ఎర్రగుడ్డేమిటి బావా?" అన్నారు మాస్టారు సాయంత్రం.

"సుద్ద చెరిగిపోతుందేమోనని... గుర్తుకండీ."

"చూశావా చెల్లాయ్! ముందుచూపంటే ఇదీ! ఇలాంటివాడి చేతిలో ప్రాణాలు పెట్టి నిశ్చింతగా ఎక్కుతాను," అని దర్జీ భార్యతో అన్నారు మాస్టారు.

"కొత్త తాడు కొందామా బావగారూ?" అని దర్జీ నసిగాడు.

"నువ్వు చేత్తో గుర్తు కుట్టిన తాడుండగా ఇంకోటా!"

దారిలో చెప్పేద్దామనుకున్నాడు. నోరు తెరిచినప్పుడల్లా ఇంకో మెచ్చుకోలు వచ్చిపడేది. అలా రెండు రోజులూ మోసం మోస్తూనే నడిచాడు.

శిఖరం మీద మొదటి ఇరవై మీటర్లకు తాడులో కుట్టుకు ఇవతలి సగమే సరిపోయింది. ఇద్దరూ ఓ గట్టు మీదికి చేరారు. ఆపైన నలభై మీటర్ల నున్నటి బండ. మాస్టారు దాని మీద ముప్పై మీటర్లు దాటాక జారితే ఆయన బరువంతా ఆ ఎర్రగుడ్డ మీదే. ఆయన బండ మీద చెయ్యి వేశారో లేదో, దర్జీ కాళ్లు పట్టేసుకున్నాడు.

"ఎక్కకండి బావగారూ! తాడు కోసేశాను!"

"ఏమిటీ?"

"మీ గీత మీదే... చూడకుండా... తరవాత కుట్టాను. చంపెయ్యండి నన్ను."

మాస్టారు ఎర్రగుడ్డ విప్పి ఆరు వరసలూ తడిమి చూశారు. దర్జీ తల దించుకుని తిట్ల కోసం ఎదురుచూశాడు. మాస్టారు గట్టు మీద చతికిలబడి, రెండు చేతులతోనూ అతణ్ణి వాటేసుకున్నారు.

"బతికించావు బావా! తొమ్మిదేళ్లూ ఈ గట్టు దాకానే వచ్చాను. ఈ బండ చూస్తే నాకు కాళ్లాడవు. ఈసారి ఏం సాకు చెప్పాలా అని పొద్దుట్నించీ చస్తున్నాను!"

తిట్టి ఉంటే బాగుండేదనిపించి దర్జీకి ఇంకా సిగ్గేసింది. తాడు సగాన్ని కొక్కేనికి కట్టి, దాని మీదే ఇద్దరూ దిగి, దాన్ని అక్కడే వదిలేశారు. నేల మీద ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మర్నాడు దారిలో మాస్టారి ఫోను మోగింది. "పైదాకా వెళ్లలేదు చెల్లాయ్. ఎందుకో మీ ఆయన్నే అడుగు," అని ఆయన ఫోను దర్జీ చేతిలో కుక్కారు.

"ఏమైందండీ?"

తాడు సంగతి చెబితే తన పరువు, బండ సంగతి చెబితే బావగారి పరువు. "భయమేసింది," అన్నాడు దర్జీ.

"ఎవరికి?"

సిగ్నల్ దివ్యంగా ఉంది. ఇద్దరూ ఒక్క గొంతుతో లేదన్నారు.