శేషగిరి గారి నల్ల తెర

తెలుగు సంఘం సభ్యులకు తెలియజేయడమేమనగా, ఎడ్మండ్‌సన్ పార్క్ అనే మన పేటలోని శేషగిరి గారింట్లో ప్రతి శనివారం లినక్స్ కంప్యూటర్ దర్శనం ఉచితం. గోడంత టీవీలో టెర్మినల్ అనే నల్లని తెర. తనలో ఏ క్షణాన ఏం జరుగుతోందో కంప్యూటర్ తానే రాసుకునే లాగ్ సందేశాలు అందులో జలజలా పరుగెడుతుంటాయి. వచ్చినవాళ్ళు కాఫీ తాగి, "అబ్బో" అని, చెప్పులేసుకుని వెళ్తారు.

ఆఫీసులో శేషగిరి చేసేది మీటింగులు పెట్టడమే. ఆ తెర ముందు చేతులు కట్టుకుని నిలబడితే మాత్రం ఖండమంతా తన మీదే నడుస్తున్నట్టుండేది. సంఘం అధ్యక్ష పదవికి పోటీ చేయడానికి ఆయన అర్హత కూడా ఆ తెరే. సంఘం పిల్లల ఉగాది నాట్యాల వీడియోలన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. అందులో ఆయన కూతురు పింకీ తొలిసారి గజ్జె కట్టి, సగంలో ఏడ్చి, మళ్ళీ ఆడిన వీడియో అంటే ఆయనకు ప్రాణం.

"ఏవండీ, మళ్ళీ రెడ్ లైనొచ్చింది. డిస్క్ ఫెయిలవుతోందట, బ్యాకప్ తీస్కోమంటోంది" అంది భార్య శ్యామసుందరి.

"లైవ్ లాగ్ చూడ్డానికే గానీ చదవడానికి కాదు, శ్యామసుందరీ. ఎరుపుంటేనే కళ!"

ఎన్నికల రోజు ఆ కంప్యూటర్‌ని పార్కు హాలుకు తెచ్చి ప్రొజెక్టర్‌కి తగిలించారు. "మన సంఘం ట్రాన్స్‌పరెన్సీకి ఇదే ప్రూఫ్! దాచేదేం లేదు, అంతా లైవ్!" అన్నాడు శేషగిరి. ఎర్ర వరసలు గుప్పుమన్నాయి. జనం ఈలలేశారు. తెర నిండా ఎరుపెక్కి, ఒక్కసారిగా ఆగిపోయింది.

"ఏం కంట్రోలండీ!" అంటూ ముందు వరసలోని సంఘం పెద్ద బ్రహ్మయ్య అంకుల్ లేచి చప్పట్లు కొట్టారు. ఎన్నిక ఏకగ్రీవం.

డిస్క్ పోయింది. వీడియోలన్నీ పోయాయి. మెడలో దండతోనే శేషగిరి కార్లో కూర్చుని పింకీ వీడియో కోసం నిజంగానే ఏడ్చాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, అధ్యక్షుని హోదాలో తన అధ్యక్షతనే విచారణ సంఘం వేశాడు.

"ముందస్తు హెచ్చరిక ఏదీ అందలేదు" అని నివేదిక తేల్చింది. టైపు చేసిన శ్యామసుందరి ఒళ్ళు మండి, మూడో పేజీలో గోంగూర పచ్చడి చేసే విధానం పెట్టింది. నివేదిక సభ్యులందరి ఫోన్లకూ వెళ్ళింది. అందరూ బొటనవేలి బొమ్మ పెట్టి ఆమోదించారు.

పచ్చట్లో ఉప్పు మరీ ఎక్కువ రాశావని ఇంతవరకు ఒక్కరూ ఆవిడకు ఫోన్ చేయలేదు. ఆ నివేదిక మీకూ వచ్చింది కదా?