యోకా గారి అర్జెంటీనా చుట్టం

మోసపు ఉత్తరాలను పసిగట్టడంలో మాంటెనీగ్రో కొండపల్లెలన్నిటికీ ద్రెన్యాక్ గ్రామం ఆదర్శంగా నిలిచిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

ఇందుకు పునాది వేసింది రాజధాని నుంచి వచ్చిన బ్యాంకు అధికారి. ఆయన బడిగదిలో గంటసేపు ప్రజలను మేల్కొల్పారు. నిద్రపోయినవారు కూడా చివరి చప్పట్లకు మేల్కొన్నారు.

"మహాజనులారా, ముక్కూ మొహం తెలియనివాడు ఆస్తి వస్తుంది, ముందు ఖర్చులకు పంపండి అంటే నమ్మకండి" అన్నారాయన.

ఆ వారమే వితంతువు యోకా ఫోనుకు అచ్చం అలాంటి ఉత్తరం వచ్చింది. అర్జెంటీనాలో ఒక ధనవంతుడు పోయాడట. ఆస్తి ఆమెదేనట. బదిలీ ఖర్చులకు తొమ్మిది వందల యూరోలు పంపితే చాలట. ఆమె దగ్గర ఉన్నదే అంత. చచ్చాక తన శవపెట్టెకూ పాదిరిగారికీ ఒకరి దగ్గర చెయ్యి చాచే పని ఉండకూడదని పరుపు కింద దాచుకున్నది.

యోకా ఉపన్యాసాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. తెలియనివాడితో వ్యవహారం కూడదు గనుక, ముందు తెలుసుకుందామని మరిది రదోయెను పిలిపించింది. ఆ కొండల్లో కొత్త మనిషిని అడిగే మొదటి ప్రశ్ననే అతను రాయించాడు: "నువ్వు ఎవరి తాలూకు?"

"మీ వంశంవాణ్ణే" అని గంటలో జవాబు వచ్చింది. దాంతో ఆ ఉత్తరం రాసినవాడు తెలియనివాడు కాకుండా పోయాడు. ఊరు అతని పేరున సారా తాగి, చుట్టరికం ఖాయం చేసి, వెంటనే బాధ్యతలు అప్పగించింది. చర్చి కప్పుకు చందా, దారికి కంకర, అప్పుడే ఊళ్ళో పోయిన ఒక పెత్తండ్రి కొడుకు అంత్యక్రియలకు రాక.

అతను రాలేదు. చందా పంపలేదు. తొమ్మిది వందలు ఎప్పుడు పంపుతారని మాత్రం మళ్ళీ రాశాడు.

"వదినా, వీడు దొంగేమో. చావుకి రాడు, చందా ఇవ్వడు, డబ్బు కావలిస్తేనే మనం గుర్తొస్తాం" అన్నాడు రదోయె.

"దొంగెందుకవుతాడయ్యా? ఇప్పుడే నాకు నమ్మకం కుదిరింది. అచ్చంగా మనవాడే" అంది యోకా, నోట్లు మళ్ళీ పరుపు కిందికి తోస్తూ. "పరాయివాడైతే ఈపాటికి పంపేసేదాన్ని. మనవాడికిస్తే తిరిగొస్తుందా?"

రదోయె టోపీ సర్దుకుని లేచాడు. ఆమెను రెండు వందలు బదులడుగుదామని పొద్దుటినుంచీ కూర్చున్నాడు పాపం.